పుటలో బొమ్మ, పుట బయటి బొమ్మ: డీటీపీ పత్రాలలో చిత్రాల నిర్వహణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

డెస్క్‌టాప్ పబ్లిషింగ్ పత్రంలో బొమ్మ రెండు విధాలుగా ఉంటుంది. పత్రపు ఫైలులోనే పొదిగి ఉండడం ఒకటి. వేరే ఫైలుగా బయట ఉండి, దాని చిరునామా మాత్రమే పత్రంలో నమోదై ఉండడం రెండవది. ఈ రెండు పద్ధతులు ఏ సాంకేతిక, ఆర్థిక కారణాల వల్ల ఏర్పడ్డాయో, 1985 తరువాత ఎలా మారుతూ వచ్చాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పేజ్‌మేకర్ కాలపు తెలుగు పుస్తకాల కంప్యూటర్ ప్రతులలో అక్షరాలకు జరిగిన నష్టం పూడ్చదగినదని, బొమ్మలకు జరిగిన నష్టం పూడ్చరానిదని, పరిశోధకుల శ్రద్ధ మాత్రం మొదటి దాని మీదనే నిలిచిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: డీటీపీ, పేజ్‌మేకర్, హాఫ్‌టోన్ బ్లాకు, లింకు, ఎంబెడింగ్, ఓపీఐ, పీడీఎఫ్, ముద్రణ చరిత్ర.

1. ఉపోద్ఘాతం

తెలుగు ముద్రణ చరిత్ర పరిశోధన చాలావరకు అక్షరం చుట్టూ తిరిగింది. సీసపు అక్షరాల పోత, గుణింతాలు, ఒత్తులు తెచ్చిపెట్టిన చిక్కులు, లిపి సంస్కరణ ప్రతిపాదనలు, ఇటీవలి కాలంలో ఫాంట్లు, యూనికోడ్ – వీటిని గురించి చెప్పుకోదగినంత చర్చ జరిగింది. బొమ్మ ఈ చరిత్రలో చుట్టపుచూపుగా వచ్చిపోయేదిగానే మిగిలిపోయింది. శాసనాలు, తాళపత్రాలు, చేర్యాల పటాలు, తోలుబొమ్మలు, దేవాలయ శిల్పం వంటి విషయాల మీద వెలువడిన గ్రంథాలలో బొమ్మ అలంకారం కాదు, ఆధారం. శాసన పాఠంలో ఒక అక్షరాన్ని ‘ద’ అని చదవాలా ‘ధ’ అని చదవాలా అన్న వివాదం తేలాలంటే పాఠకుడు ఫలకం వైపు తిరగాలి. ఆ ఫలకం ఎక్కడ ఉంది, ఏ రూపంలో ఉంది, ఎవరి అధీనంలో ఉంది అన్న ప్రశ్నలు అందువల్ల సాంకేతిక నిపుణులకే వదిలివేయదగినవి కావు.

కంప్యూటరు మీద పుట కూర్చే పద్ధతి వచ్చాక ఈ ప్రశ్నలకు కొత్త రూపం వచ్చింది. డీటీపీ పనివారు ఒక పద్ధతిని ‘ఎంబెడ్’ అని, మరొక దానిని ‘లింక్’ అని వ్యవహరిస్తారు. ఈ వ్యాసంలో మొదటి దానిని పొదిగిన బొమ్మ అని, రెండవ దానిని లింకు బొమ్మ అని పేర్కొనడం జరిగింది. ఈ భేదం కంప్యూటరుతోనే పుట్టిందని అనుకోవడం సహజమే కాని, దాని మూలాలు సీసపు అక్షరాల కాలంలోనే ఉన్నాయి.

2. బ్లాకు: ఎరువు తెచ్చుకున్న బొమ్మ

అక్షరాల అచ్చులో బొమ్మ ఒక వస్తువు. గీతల బొమ్మకు జింకు రేకు మీద లైన్ బ్లాకు, ఛాయాచిత్రానికి హాఫ్‌టోన్ బ్లాకు చేయించేవారు. ఛాయాచిత్రంలోని వెలుగునీడలను చిన్నా పెద్దా చుక్కలుగా విడగొట్టే హాఫ్‌టోన్ పద్ధతి 19వ శతాబ్ది చివరి పాతికేళ్లలో స్థిరపడింది. జర్మనీలో జార్జ్ మైసెన్‌బాఖ్ 1882లో పేటెంటు పొందాడు. అమెరికాలో ఫ్రెడెరిక్ ఐవ్స్ అదే కాలంలో ఈ దిశగా కృషి చేశాడు. భారతదేశంలో ఈ విద్యను శాస్త్రీయంగా అభ్యసించి, బ్రిటన్‌లో వెలువడే ‘పెన్‌రోజ్’ వార్షిక సంచికలో వ్యాసాలు ప్రకటించిన వాడు కలకత్తాకు చెందిన ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి. బాలసాహిత్యకర్తగా ప్రసిద్ధుడైన ఆయన తన పుస్తకాల బొమ్మలు చెడిపోయి అచ్చు కావడం సహించలేకనే ఈ రంగంలోకి దిగాడన్నది గమనించదగిన విషయం.

రేకును చెక్క దిమ్మకు బిగించి, దాని ఎత్తును అక్షరం ఎత్తుకు, అంటే 0.918 అంగుళానికి సరిచేస్తే బ్లాకు తయారైనట్టు. దానిని అక్షరాల పక్కన ఫారంలో అమర్చి బిగిస్తారు. అచ్చు ముగిసిన తరువాత అక్షరాలు తిరిగి కేసులోకి, బ్లాకు బీరువాలోకి పోతాయి. చదరపు అంగుళాల లెక్కన డబ్బు పోసి చేయించినది కనుక బ్లాకు ఒక ఆస్తి. ప్రచురణకర్తలు దానిని దాచుకునేవారు, మరొక పుస్తకంలో వాడుకునేవారు, అడిగిన వారికి ఎరువిచ్చేవారు. పాత పుస్తకాల పీఠికల చివర బ్లాకులు ఎరువిచ్చిన పత్రికకో సంస్థకో కృతజ్ఞత చెప్పడం పరిశోధకులకు పరిచితమైన ఆనవాయితీ.

ఈ ఎరువు బ్లాకుకు, నేటి లింకు బొమ్మకు పోలిక ఉంది. రెండింటిలోనూ బొమ్మ పుటకు చెందినది కాదు, పని ఉన్నంతసేపే పుటలోకి వస్తుంది. ఒక ముఖ్యమైన తేడా కూడా ఉంది. ఎరువు బ్లాకు లేకపోతే ఫారంలో ఖాళీ చోటు కంటికి కనిపిస్తుంది, పని ముందుకు సాగదు. లింకు బొమ్మ లేకపోయినా పని సాగుతుంది. తరువాత జరిగిన అనర్థాలలో పెద్ద భాగం ఈ తేడా నుండే పుట్టింది.

3. ఫిల్మ్ మీద కిటికీ

ఆఫ్‌సెట్ పద్ధతి వ్యాపించిన కాలంలో బొమ్మ వస్తువు నుండి ఫిల్మ్‌గా మారింది. అక్షరాల పుటను ఒక ఫిల్మ్‌గా, చుక్కలుగా మార్చిన ఛాయాచిత్రాన్ని వేరొక ఫిల్మ్‌గా తీసి, మొదటి దానిలో కిటికీ కోసి రెండవ దానిని అందులో అతికించేవారు. మూల ప్రతిలో ఆ చోట ఒక నల్లని దీర్ఘచతురస్రమో, ఇక్కడ ఫలానా బొమ్మ రావాలని గుర్తుగా ఒక నకలో అంటించడం రివాజు. ఆ నకలు అచ్చుకు కాదు, స్థానం చూపడానికి మాత్రమే. కంప్యూటరు తెర మీద నేడు కనిపించే తక్కువ నాణ్యత గల నమూనా బొమ్మకు తాత ఈ నకలే. 1979లో ఇజ్రాయెల్‌కు చెందిన సైటెక్స్ సంస్థ ఈ అతుకుల పనిని కంప్యూటరు మీదకు తెచ్చింది. జర్మనీలో హెల్, ఇంగ్లండులో క్రాస్‌ఫీల్డ్ సంస్థలు ఆ మార్గంలోనే నడిచాయి. ఆ యంత్రాల ఖరీదు పెద్ద ముద్రణాలయాలకు మాత్రమే అందేది.

4. 1985: పుట చిన్నది, బొమ్మ పెద్దది

1985లో మూడు విషయాలు ఒకచోట కలిశాయి. అడోబ్ సంస్థ రూపొందించిన పోస్ట్‌స్క్రిప్ట్ భాష, ఆ భాషను అర్థం చేసుకునే ఆపిల్ లేజర్‌రైటర్ ప్రింటరు, సియాటిల్‌లో పాల్ బ్రెయినర్డ్ నెలకొల్పిన ఆల్డస్ సంస్థ తెచ్చిన పేజ్‌మేకర్. ‘డెస్క్‌టాప్ పబ్లిషింగ్’ అన్న మాటను వ్యాప్తిలోకి తెచ్చినవాడు బ్రెయినర్డే. వెనిస్‌లో 15, 16 శతాబ్దాల సంధికాలంలో పనిచేసిన ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ పేరు తన సంస్థకు పెట్టుకోవడం ఆయన ఆశయాన్ని తెలుపుతుంది.

అక్షరాల విషయంలో ఆ ఆశయం తొందరగానే నెరవేరింది. బొమ్మ దగ్గర చిక్కు వచ్చింది. కారణం కేవలం లెక్క. ఏ4 పుట నిండా పరచిన నాలుగు రంగుల ఛాయాచిత్రాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే అడ్డంగా 2480, నిలువుగా 3508 చుక్కలు వస్తాయి. ఒక్కొక్క చుక్కకు నాలుగు బైట్లు కావాలి. మొత్తం దాదాపు 3 కోట్ల 48 లక్షల బైట్లు. పేజ్‌మేకర్ మొదట నడిచిన మాకింతోష్ యంత్రపు జ్ఞాపకశక్తి 512 కిలోబైట్లు. అంటే ఒక్క బొమ్మ యంత్రపు జ్ఞాపకశక్తికి 66 రెట్లు. తరువాతి కాలపు 1.44 మెగాబైట్ల ఫ్లాపీలలోకి ఎక్కించాలన్నా 24 ఫ్లాపీలు పట్టేవి. పోస్ట్‌స్క్రిప్ట్‌లో బొమ్మ సమాచారాన్ని అక్షరాల రూపంలో రాసి పంపే పద్ధతి ఉండేది. దాని ప్రకారం ప్రతి బైటుకు రెండు అక్షరాలు, కనుక పరిమాణం రెట్టింపు. సెకనుకు 230.4 కిలోబిట్ల వేగం గల నాటి ఆపిల్ నెట్‌వర్క్ మీద ఆ రెట్టింపు భారం ప్రింటరును చేరడానికి, ఏ ఆటంకమూ లేకపోయినా, 40 నిమిషాలు పడుతుంది.

ఈ లెక్కను బట్టి చూస్తే బొమ్మను పత్రం నుండి వేరుచేయడం ఒక సిద్ధాంతం కాదు, గత్యంతరం లేని ఏర్పాటు. 1986లో ఆల్డస్ సంస్థ స్కానర్ తయారీదారుల కోసం టిఫ్ అనే ఉమ్మడి ఫైలు రూపాన్ని ప్రకటించింది. దాని తరువాత ఈపీఎస్ రూపం వచ్చింది. ఈపీఎస్ ఫైలు కడుపులో రెండు బొమ్మలు ఉంటాయి. అచ్చుకు వెళ్లవలసిన పోస్ట్‌స్క్రిప్ట్ వర్ణన ఒకటి, తెర మీద చూపడానికి చిన్న నమూనా మరొకటి. ఈ రెండు రూపాలతో బొమ్మకు స్వతంత్ర అస్తిత్వం ఏర్పడింది. దానికొక పేరు, ఒక చోటు వచ్చాయి. పత్రం ఆ పేరును, ఆ చోటును గుర్తుపెట్టుకుంటే చాలు.

పేజ్‌మేకర్ ఈ విషయంలో మధ్యేమార్గాన్ని అనుసరించింది. బొమ్మను పెట్టేటప్పుడు అది 256 కిలోబైట్లను మించితే, ఇది పత్రంలో ఇంత స్థలాన్ని ఆక్రమిస్తుంది, అయినా పూర్తి ప్రతిని లోపల చేర్చమంటారా అని అడిగేది. కాదంటే చిన్న నమూనాను, చిరునామాను మాత్రమే ఉంచుకునేది. డిస్కులు ఖరీదైన కాలంలో ‘కాదు’ అన్నదే వివేకవంతమైన జవాబు. 1987లో వచ్చిన క్వార్క్‌ఎక్స్‌ప్రెస్ టిఫ్ బొమ్మల విషయంలో అడగడం కూడా మానేసింది. దాని దృష్టిలో బొమ్మ ఎప్పుడూ బయటిదే. 1990లో మైక్రోసాఫ్ట్ ప్రవేశపెట్టిన ఓఎల్ఈ ఏర్పాటు పేరులోనే లింకింగ్, ఎంబెడింగ్ అన్న రెండు మాటలూ ఉన్నాయి. ముద్రణ రంగం బయటి సామాన్య వినియోగదారులకు ఈ జంట పదాలు పరిచయమైనది ప్రధానంగా దాని ద్వారానే.

5. బొమ్మ ఎవరి ఇంట్లో ఉంది?

1980ల చివరికి పాశ్చాత్య దేశాలలో కొత్త శ్రమ విభజన ఏర్పడింది. ఖరీదైన డ్రమ్ స్కానర్ గల సంస్థ బొమ్మను పూర్తి నాణ్యతతో స్కాన్ చేసి తన సర్వరులో ఉంచుకుంటుంది. రూపకర్తకు అంగుళానికి 72 చుక్కల నమూనా మాత్రం ఇస్తుంది. పైన లెక్కించిన ఏ4 బొమ్మకు ఆ నమూనా సుమారు 2 మెగాబైట్లు, అంటే అసలులో పదిహేడో వంతు. రూపకర్త ఆ నమూనాతో పుట కూర్చి పంపితే, సర్వరు దానిని తీసివేసి అసలు బొమ్మను ఆ చోట నిలుపుతుంది. ఈ మార్పిడికి ఆల్డస్ సంస్థ ఏర్పరచిన నియమావళి ఓపెన్ ప్రీప్రెస్ ఇంటర్‌ఫేస్, సంక్షిప్తంగా ఓపీఐ. సైటెక్స్‌కు దాని సొంత మార్పిడి పద్ధతి ఉండేది. క్వార్క్ రూపొందించిన డీసీఎస్ పద్ధతిలో ఒక బొమ్మ ఐదు ఫైళ్లుగా విడిపోయేది: నాలుగు రంగులకు నాలుగు, వాటిని చూపే నమూనా ఒకటి.

ఓపీఐ పనిచేసే తీరులో ఒక విశేషం ఉంది. బొమ్మ పేరు, పరిమాణం, ఎంత కత్తిరించాలి, ఎంత తిప్పాలి అన్న వివరాలను అది పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలులో వ్యాఖ్య పంక్తులుగా రాస్తుంది. శాతం గుర్తుతో మొదలయ్యే వ్యాఖ్య పంక్తిని ప్రింటరు పట్టించుకోదు. ఓపీఐ తెలిసిన సర్వరు మాత్రమే దానిని చదువుతుంది. యంత్రం విస్మరించడానికి ఉద్దేశించిన చోటనే అతి ముఖ్యమైన సమాచారాన్ని ఉంచారన్నమాట. సర్వరు ఆ పేరు గల ఫైలును కనుక్కోలేకపోతే, లేదా ఆ పని అసలు సర్వరు గుండా పోకపోతే, 72 చుక్కల నమూనాయే ఫిల్మ్ మీదకు ఎక్కే అవకాశం ఉండేది. ఫారంలో ఖాళీ లేదు కనుక ఎవరికీ అనుమానం రాదు. అచ్చయిన కాగితం చేతికి వచ్చాకే మెట్లు మెట్లుగా విరిగిన అంచులు కనిపిస్తాయి.

ఓపీఐని సాధారణంగా వేగం కోసం చేసిన ఏర్పాటుగా వర్ణిస్తారు. అది నిజమే కాని సగం నిజం. దాని వల్ల బొమ్మ మీద అధీనం కూడా మారింది. బ్లాకుల కాలంలో డబ్బు చెల్లించిన ప్రచురణకర్త బీరువాలో ఉన్న బొమ్మ ఇప్పుడు స్కాన్ చేసిన సంస్థ సర్వరులోకి చేరింది. ప్రచురణకర్త దగ్గర ఉన్న పత్రం చూడడానికి సంపూర్ణంగానే ఉన్నా, దాని బొమ్మలన్నీ నమూనాలే.

6. తెలుగు నాట: పేజ్‌మేకర్ దీర్ఘాయుష్షు

తెలుగు నాట డీటీపీ స్థిరపడిన తీరుకు రెండు లక్షణాలు ఉన్నాయి. యంత్రాలు ఎక్కువగా విండోస్ పీసీలు. అక్షరాలు అను, శ్రీలిపి వంటి ప్యాకేజీల ఫాంట్లు. ఈ ఫాంట్లు అక్షరాన్ని ముక్కలుగా విడగొట్టి, 256కు మించని సంకేతాల చట్రంలో, ఆంగ్లాక్షరాల స్థానాలలో అమర్చుకున్నవి. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు లిపికి స్థానం దక్కినా, పుటలు కూర్చే సాఫ్ట్‌వేర్ తెలుగు యూనికోడ్‌ను సవ్యంగా చూపడానికి చాలా ఏళ్లు పట్టింది. అంతవరకు ఈ ఫాంట్లు, పేజ్‌మేకర్ విడదీయరాని జంటగా ఉండిపోయాయి. 1994లో ఆల్డస్‌ను తనలో కలుపుకున్న అడోబ్, 1999లో ఇన్‌డిజైన్‌ను తెచ్చింది. 2001లో పేజ్‌మేకర్ 7.0 విడుదల చేసి, 2004లో దాని అభివృద్ధిని ఆపివేసింది. తెలుగు డీటీపీ కేంద్రాలలో మాత్రం పేజ్‌మేకర్ ఆ తరువాత కూడా చాలాకాలం కొనసాగింది. ఫాంటు కోసం పేజ్‌మేకర్‌ను పట్టుకుని ఉన్నంతకాలం, దాని బొమ్మల పద్ధతిని కూడా పట్టుకుని ఉన్నట్టే.

విండోస్ లింకులో చిరునామా అంటే డ్రైవు అక్షరంతో మొదలయ్యే ఒక దారి. మాకింతోష్‌లో 1991 నాటి సిస్టమ్ 7 తరువాత ఫైలుకు ఒక అంతర్గత సంఖ్య ఉండి, దానిని అదే డిస్కులో మరొక ఫోల్డరులోకి మార్చినా కనుక్కునే వీలు ఉండేది. విండోస్ పేజ్‌మేకర్ పత్రానికి అంతటి వెసులుబాటు లేదు. డి-డ్రైవులో ఉన్న ఫోల్డరు పేరు మారినా, పత్రాన్ని వేరే కంప్యూటరుకు తీసుకుపోయినా లింకు తెగుతుంది. లింకుల జాబితాలో ఆ బొమ్మ పేరు పక్కన ప్రశ్నార్థకం పడుతుంది. మరొక అవకాశం మాత్రం ఉంది. బొమ్మ పాత చోట లేకపోతే, పత్రం ఉన్న ఫోల్డరులోనే దాని కోసం పేజ్‌మేకర్ వెతుకుతుంది. పుస్తకానికొక ఫోల్డరు పెట్టి బొమ్మలన్నీ అందులోనే ఉంచాలని అనుభవజ్ఞులైన ఆపరేటర్లు పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఇక్కడ మరొక చిన్న విషయాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పత్రాన్ని వేరే పేరుతో భద్రపరిచే ‘సేవ్ యాజ్’ పెట్టెలో పేజ్‌మేకర్ మూడు ఎంపికలు ఇచ్చేది. అదనపు ఫైళ్లేవీ వద్దు, దూరప్రాంతపు ముద్రణకు కావలసిన ఫైళ్లు, లింకు ఉన్న ఫైళ్లన్నీ. ముందుగానే ఎంపికై ఉండేది మొదటిది. ఫ్లాపీ మీదకో సీడీ మీదకో పత్రాన్ని ఎక్కించి రచయిత చేతిలో పెట్టిన ఆపరేటరు ఆ పెట్టెలో దేనినీ మార్చకపోతే, రచయితకు అందినది అక్షరాలు, నమూనాలు మాత్రమే. ఎవరూ నిర్లక్ష్యం చేయనవసరం లేదు. యంత్రం ముందుగా ఎంచి ఉంచిన జవాబును అలాగే వదిలేస్తే చాలు.

దీనికి తోడు చిన్న ముద్రణాలయాల పనితీరు ఉంది. ట్రేసింగ్ కాగితం మీదకు లేజర్ ప్రింటు తీసి, దాని నుండి నేరుగా ప్లేటు చేసే పద్ధతిలో అక్షరాలు బాగానే వచ్చేవి, ఛాయాచిత్రాలు వచ్చేవి కావు. అందువల్ల బొమ్మల చోటును ఖాళీగా వదిలి, వాటికి ప్రాసెస్ స్టూడియోలో విడిగా ఫిల్మ్ తీయించి అతికించేవారు. ముఖపత్రం ఫోటోషాప్‌లోనో కోరెల్‌డ్రాలోనో వేరొకరి చేత తయారయ్యేది. అటువంటి పుస్తకానికి ‘డీటీపీ ఫైలు’ అని దాచుకున్న దానిలో బొమ్మ ఏనాడూ లేదు. లింకు తెగడానికి అసలు లింకే ఉండదు. క్లిప్‌బోర్డు ద్వారా తెచ్చి అతికించిన బొమ్మల సంగతి దీనికి వ్యతిరేకం. అవి పత్రంలో పొదిగి ఉంటాయి కాని, సాధారణంగా తెర నాణ్యతతో, మూడు రంగుల ఆర్‌జీబీ రూపంలో, తమ మూల ఫైలు ఏదో చెప్పే ఆనవాలు లేకుండా ఉంటాయి.

ఇప్పుడు అక్షరం సంగతి, బొమ్మ సంగతి పక్కపక్కన పెట్టి చూడవచ్చు. అను ఫాంటులో కూర్చిన పాఠం నేడు తెరిస్తే అర్థంలేని ఆంగ్లాక్షరాలుగా కనిపించవచ్చు. ఏ సంకేతం ఏ ముక్కకు చెందినదో తెలిపే పట్టిక ఉంటే దానిని యూనికోడ్‌లోకి మార్చవచ్చు. అటువంటి మార్పిడి సాధనాలు వచ్చాయి. వాటి తప్పులను ప్రూఫు దిద్దినట్టు దిద్దుకోవచ్చు. పాఠం మరుగున పడింది కాని పోలేదు. లింకు తెగిన బొమ్మ విషయం అది కాదు. పత్రంలో మిగిలిన 72 చుక్కల నమూనా నుండి 300 చుక్కల అసలును రాబట్టే పట్టిక ఏదీ లేదు. పైగా అక్షరం పాడైతే తెర మీద చూసిన క్షణంలోనే తెలుస్తుంది. బొమ్మ పోయినా నమూనా చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. పాత పత్రాల పరిరక్షణ అంటే ఫాంట్ల సమస్య అన్న అభిప్రాయం స్థిరపడడానికి ఈ కనిపించడం, కనిపించకపోవడం ఒక కారణమై ఉండాలి.

అచ్చు పుస్తకం ఉంది కదా, దానిని స్కాన్ చేస్తే చాలదా అన్న ప్రశ్న రావచ్చు. అచ్చులో ఉన్నది హాఫ్‌టోన్ చుక్కల అల్లిక. అంగుళానికి 133 వరుసల చుక్కలతో అచ్చయిన శాసన ఫలకంలో ఆ చుక్కల కంటె సన్నని వివరం ఏదీ మిగలదు. దానిని తిరిగి స్కాన్ చేస్తే రెండు అల్లికలు ఒకదానితో ఒకటి పెనుగులాడి అలలు అలలుగా చారలు పుడతాయి. చారలను చెరిపితే మరికొంత వివరం పోతుంది. రాతి మీద పగులుకు, అక్షరపు గీతకు మధ్య భేదం తేల్చవలసిన పరిశోధకునికి ఆ స్కాన్ కొరగాదు. 1930ల నాటి బ్లాకు అచ్చుకు, 1990ల నాటి డీటీపీ పుస్తకానికి ఈ విషయంలో తేడా లేదు. తేడా ఏమిటంటే, మొదటి దానికి అచ్చు ప్రతి తప్ప వేరే దిక్కు లేదని అందరికీ తెలుసు. రెండవ దానికి ‘సాఫ్ట్ కాపీ’ ఉందన్న ధీమా ఉంది.

7. పీడీఎఫ్: పొదగడంలోని మెలిక

1993లో అడోబ్ ప్రకటించిన పీడీఎఫ్ రూపం ఫాంట్లను, బొమ్మలను ఒకే ఫైలులో ఇముడ్చుకుంది. 2001లో ఐఎస్‌ఓ ప్రమాణంగా వెలువడిన పీడీఎఫ్/ఎక్స్-1ఏ ముద్రణకు పంపే ఫైలులో సమస్తమూ లోపలే ఉండాలని శాసించి, ఓపీఐ వ్యాఖ్యలను నిషేధించింది. 2005లో వచ్చిన పీడీఎఫ్/ఏ-1 అదే సూత్రాన్ని దీర్ఘకాలిక భద్రతకు అన్వయించింది. డిస్కుల ధరలు పడిపోయాక, లింకు అవసరం తీరిపోయి పొదగడమే గెలిచిందని ఈ క్రమాన్ని చదవవచ్చు. కాని ఆ గెలుపు అంత స్వచ్ఛమైనది కాదు.

పత్రం నుండి పీడీఎఫ్ చేసేటప్పుడు బొమ్మ ఉన్నదున్నట్టు లోపలికి పోదు. ఇన్‌డిజైన్‌లోని ‘ప్రెస్ క్వాలిటీ’ అమరిక అంగుళానికి 450 చుక్కలు మించిన రంగు బొమ్మలను 300కు తగ్గిస్తుంది. ‘స్మాలెస్ట్ ఫైల్ సైజ్’ అమరిక 150 మించిన వాటిని 100కు దించుతుంది. చట్రం వెలుపలికి పోయిన భాగాన్ని కత్తిరించివేసే ఎంపిక కూడా ఉంది. పురావస్తు ఛాయాచిత్రాలలో కొలబద్ద సాధారణంగా బొమ్మ అంచునే ఉంటుంది. పుట అందం కోసం రూపకర్త ఆ అంచును చట్రం వెనుకకు నెట్టితే, మూల పత్రంలో అది దాగి మాత్రమే ఉంటుంది, పీడీఎఫ్‌లో ఉండకుండానే పోతుంది. పొదిగిన బొమ్మ దగ్గరలోనే ఉంటుంది కాని అది అసలు బొమ్మ కాకపోవచ్చు. లింకు బొమ్మ అసలే కాని దగ్గర ఉండకపోవచ్చు. ఈ రెండు పద్ధతుల మధ్య ఉన్న నిజమైన భేదం ఇదే.

పరిశోధక విద్యార్థులకు ఇది దూరపు సంగతి కాదు. యూజీసీ 2009 నిబంధనల తరువాత సిద్ధాంత గ్రంథాలు ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వడం తప్పనిసరి అయి, ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధగంగలో అవి పీడీఎఫ్‌లుగా చేరుతున్నాయి. వాటిలో చాలావాటికి మూలం వర్డ్ పత్రం. వర్డ్ బొమ్మలను లోపలే పొదుగుతుంది. 2007 నుండి వాడుకలో ఉన్న డాక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. దానిని విప్పితే బొమ్మలన్నీ ఒక ఫోల్డరులో విడివిడిగా కనిపిస్తాయి. అయితే వేరుగా చెప్పకపోతే, భద్రపరిచే సమయంలో వాటిని అంగుళానికి 220 చుక్కలకు తగ్గించడం వర్డ్‌కు అలవాటు. క్షేత్ర పర్యటనలో తీసిన తాళపత్రపు ఛాయాచిత్రం అక్కడ ఒకసారి, పీడీఎఫ్ చేసేటప్పుడు మరొకసారి చిక్కిపోతుంది. శాశ్వతంగా నిలిచేది రెండుసార్లు చిక్కిన ప్రతి.

ముద్రణ రంగం కూడా పొదగడంతో పూర్తిగా తృప్తి పడలేదు. ఒకే భారీ బొమ్మ అనేక పత్రాలలో వచ్చే సందర్భాల కోసం 2008లో వచ్చిన పీడీఎఫ్/ఎక్స్-5 ప్రమాణం బయటి బొమ్మలను మళ్లీ అనుమతించింది. ఓపీఐ మాత్రం 2017 నాటి పీడీఎఫ్ 2.0లో కాలం చెల్లినదిగా ప్రకటితమైంది.

8. తెగిన లింకుల జాబితా ఒక ఆధారంగా

2001లో ఫ్రాంజ్ ష్మిడ్ ప్రారంభించిన స్క్రైబస్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. 1.5 శ్రేణిలో సంక్లిష్ట లిపుల కూర్పు చేరి, 2024 జనవరిలో విడుదలైన స్థిర వెర్షన్ 1.6 ద్వారా సాధారణ వినియోగదారులకు అందడంతో, తెలుగు యూనికోడ్ పుటలకు అది ఒక మార్గమైంది. స్క్రైబస్ పత్రం ఎక్స్‌ఎంఎల్ పాఠం. సామాన్యమైన ఎడిటరుతో తెరిచి చదవవచ్చు. అందులో ప్రతి బొమ్మ చట్రం దగ్గర ఆ బొమ్మ ఫైలు పేరు, దారి కంటికి కనిపించే అక్షరాలలో ఉంటాయి. పేజ్‌మేకర్ పత్రాన్ని తెరవడానికి పేజ్‌మేకరో, పాత ఇన్‌డిజైనో కావాలి. 2012 నాటి సీఎస్6 తరువాతి ఇన్‌డిజైన్ వెర్షన్లు ఆ దారిని మూసివేశాయి. తెరవగలిగినంతకాలం అక్కడ కూడా లింకుల జాబితా దొరుకుతుంది.

ఆ జాబితాకు విలువ ఉంది. బొమ్మ పోయినా దాని పేరు, అది ఉండిన డ్రైవు, ఫోల్డరు, పుటలో దాని స్థానం మిగిలి ఉంటాయి. తెలుగు సాహిత్య చరిత్రకారులకు ఇటువంటి మిగులుతో పని చేయడం కొత్త కాదు. పెదపాటి జగన్నాథకవి సంకలనంలో చేరిన పద్యాల వల్లనే కొన్ని అలభ్య కావ్యాల ఉనికి తెలిసింది. వేటూరి ప్రభాకరశాస్త్రి అటువంటి పద్యాలను ‘ప్రబంధరత్నావళి’గా కూర్చి 1918లో ప్రకటించారు. కావ్యం దొరకకపోయినా పేరు, కర్త, నాలుగు పద్యాలు తెలియడం వెతుకులాటకు ఆధారమైంది. ఒక శాసన గ్రంథపు పాత పత్రంలో ముప్పై బొమ్మల పేర్లు, వాటి పక్కన ముప్పై ప్రశ్నార్థకాలు ఉన్నాయనుకుంటే, ఏవేవి వెతకాలో, ఎవరి కంప్యూటరులో, ఏ సీడీలో వెతకాలో ఆ దారులే చెబుతాయి. స్టూడియో పేరుతో ఉన్న ఫోల్డరు స్టూడియోకు, రచయిత ఇంటిపేరుతో ఉన్న ఫోల్డరు రచయిత కుటుంబానికి దారి చూపుతుంది.

అందువల్ల పాత డీటీపీ పత్రాలను సేకరించే గ్రంథాలయాలు, విశ్వవిద్యాలయ శాఖలు వాటిని నేరుగా పీడీఎఫ్‌గా మార్చి పాత ఫైళ్లను తొలగించడం తొందరపాటు అవుతుంది. లింకు తెగిన పత్రం నుండి చేసిన పీడీఎఫ్‌లో నమూనా బొమ్మే అసలు బొమ్మ స్థానాన్ని ఆక్రమిస్తుంది. అది తక్కువ నాణ్యత గల నకలన్న సంగతి గాని, అసలు ఫైలు పేరు గాని, అది ఉండిన దారి గాని కొత్త ఫైలులో ఉండవు. పత్రాన్ని తెరిచిన మొదటి రోజునే, దేనినీ మార్చకముందు, లింకుల జాబితాను వేరే పాఠంగా రాసి పెట్టుకోవడం గంటలోపు పని. దానితో పాటు డిస్కులోని ఫోల్డర్ల అమరికను ఉన్నదున్నట్టు నకలు తీసుకోవాలి. ఫోల్డర్లను చక్కబెట్టి, పేర్లు సవరించి, అక్షర క్రమంలో సర్దడం ఆ తరువాతి మాట. ఎందుకంటే అప్పటిదాకా తెగకుండా ఉన్న లింకులు కూడా ఆ సర్దుబాటులోనే తెగుతాయి.